కొమ్ముల బంగ్లా మేజాగుడ్డలు

కొమ్ముల బంగ్లాలో భోజనం బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పినవాళ్లంతా గోడలు చూసి చెప్పినవాళ్లే. నేను అక్కడ ఒకే ఒక్కసారి తిన్నాను. ఆ ఒక్క పూట కోసం ఆరేళ్లు కాచుకున్నాను. కక్షతోనే కాచుకున్నాను, ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. పంతులమ్మగా ఏళ్ల తరబడి పిల్లలకు ఓర్పు గురించీ క్షమ గురించీ పాఠాలు చెప్పాను. అది ఉద్యోగం.

లష్కరులో, అంటే సికింద్రాబాదులో, తెల్లదొరలు పటాలాల కోసం కట్టుకున్న రాతి బంగ్లా అది. లోపల పెద్ద హాలు, గోడల నిండా జింకల కొమ్ములు, దుప్పి కొమ్ములు. అందుకే మావాళ్లు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ హాల్లో దొరల భోజనాల బల్లల మీద పరిచే గుడ్డలు ఉతకడానికి మా ఇంటికి వచ్చేవి. మేం చాకలివాళ్లం. నాకు ఊహ తెలియకముందే మా నాన్న జ్వరంతో పోయాడు. మా అమ్మ ఒక్కతే గాడిదను తోలుకుని రేవుకు వెళ్లి, తన బండ మీద ఆ గుడ్డలు ఉతికి, నన్ను మిషన్ బడికి పంపింది.

హాలు లోపల ఎలా ఉంటుందో మాకు తెలియదు. వెనక వరండా దాకానే మాకు దారి. కానీ దొరలు ఏం తిన్నారో వాళ్లకన్నా మాకే బాగా తెలుసు. సోమవారం పొద్దున మూట విప్పి, నీళ్లలో ముంచకముందు మా అమ్మ మేజాగుడ్డను నేల మీద పరిచేది. ఏ మరకకు చవుడు మట్టి పెట్టాలో, దేనికి నిమ్మకాయ రుద్దాలో చూసుకోవాలి గదా. నేను జొన్నరొట్టె, మిరప తొక్కు పళ్లెంలో పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

“ఇగో, ఇది మటన్ పులుసు. నెయ్యి మస్తు పోసిండ్రు,” అనేది అమ్మ. “ఇది ఎర్రసారా. ఈ మూలకు కూసున్నోనికి చేతులు వణుకుతయి చూడు, చుట్టూత చుక్కలే.”

నేను ఒంగి ఆ మరకల వాసన చూసేదాన్ని. దాల్చినచెక్క, మిరియాలు, కాల్చిన చక్కెర. ఆ వాసన చూస్తూ తొక్కు నంజుకుని రొట్టె తినేదాన్ని. చిన్నతనంలో నేను తిన్న విందులన్నీ అవే, అబద్ధమెందుకు, బాగానే ఉండేవి.

మా పనిలో ఇంకో సంగతి ఉంది, అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. కొత్త బట్ట ఏదైనా ఉతుకుడికి వస్తే, నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో అంచు మడత లోపల మా ఇంటి గుర్తు పెడతాం. ఆ నలుపు బట్ట చిరిగిపోయేదాకా పోదు. మాది ఒక అడ్డగీత, కింద మూడు చుక్కలు. రేవులో ప్రతి ఇంటికీ ఒక గుర్తు. అఆలు రాకముందే నాకు ఆ గుర్తులన్నీ వచ్చు. ఎంత చదువుకున్న దొరకైనా అది చీమ కాలంత మచ్చ, వాళ్లకు కనిపించదు, కనిపించినా అర్థం కాదు. మాకు మాత్రం మడత విప్పగానే కన్ను అక్కడికే పోతుంది.

దొరలు దేశం విడిచి వెళ్లిపోయే ఏడు బంగ్లాలో పెద్ద వీడ్కోలు విందు జరిగింది. ఆ విందుకు పొడుగు మేజాగుడ్డ పరిచారు. పన్నెండు గజాల గుడ్డ, నేతలోనే గులాబీ తీగ. తడిస్తే మా అమ్మ ఒక్కతే ఎత్తలేకపోయేది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని గడ్డి మీద ఆరేసేవాళ్లం. విందు అయిపోయాక వచ్చిన మూటలో ఆ గుడ్డ లేదు. అమ్మ ఆ మాటే చెప్పడానికి వరండాకు వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను, నాకప్పుడు పదమూడేళ్లు.

బంగ్లాలో పెత్తనమంతా బట్లరుది. తెల్లకోటు, ఎర్ర నడికట్టు, నిమ్మకాయ నిలబెట్టిన మీసం. వంటవాళ్లూ, నౌకర్లూ, ఇద్దరు దొరలూ చూస్తుండగా అన్నాడు: “ఆ గుడ్డను మూటల నేనే కట్టిన. నా చేతులతోని కట్టిన. అమ్ముకొని వచ్చి లేదంటున్నవా? దొంగముండ!”

ఒక సిపాయి మా ఇంటికి వచ్చి కుండలన్నీ బోర్లించి వెతికాడు. ఏం దొరకలేదు. “దొరకలేదంటే అప్పుడే అమ్ముకున్నట్టు,” అన్నాడు బట్లరు. అంతటితో బంగ్లా పని పోయింది.

పని పోతే పోయింది, దానికి మా అమ్మ ఏడవలేదు. మరునాడు రేవులో కులం కూర్చుంది. పట్టిన బట్ట పోగొట్టినవాళ్లకు రేవులో బండ లేదన్నది మావాళ్ల కట్టుబాటు. ఒకరి మీద దొంగ పేరు పడితే రేవంతటి మీదా పడుతుందని భయం. కులపెద్ద ఎవరో కాదు, మా నాన్న అన్న, నా సొంత పెదనాయన.

“నిప్పు లేంది పొగ రాదు గద మరదలా,” అన్నాడు. “నేనేం జెయ్యాలె?”

“నేను తియ్యలె బావా,” అంది అమ్మ. ఆ ఒక్క మాటే అంది. బండ వదులుకుని మూట నెత్తిన పెట్టుకుని వచ్చేసింది. ఇంటికి వచ్చాక గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. బంగ్లా పని పెదనాయన ఇంటికి పోయింది. మనింటి పని మనింట్లోనే ఉంది గదా అని మమ్మల్ని ఊరడించాడు కూడా.

ఆ తర్వాత అమ్మ మోండా మార్కెట్ వెనక సందుల్లో ఇళ్లకు వెళ్లి, వాళ్ల పెరట్లో బావుల దగ్గర ఉతికేది. అక్కడి ఆడవాళ్లకు కూడా ఈ సంగతి తెలిసిపోయింది. అమ్మ మూట కడుతుంటే పక్కన నిలబడి ఒక్కొక్క చీరా చూసేవాళ్లు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మా కులంలో మమ్మల్ని పిలవడం మానేశారు. మా అమ్మకు కావలసింది ఒక్కటే. ఆమె దొంగ కాదన్న మాట రేవులో పదిమంది ముందు ఎవరో ఒకరు అనాలి. నాకు కావలసింది అంతకన్నా ఎక్కువ. బట్లరు మా అమ్మ ముందు పళ్లెం పట్టుకుని వంగి నిలబడాలి. బడిలో ఎక్కాలు వల్లించినట్టు ఆ మాట రోజూ మనసులో వల్లించుకునేదాన్ని.

తర్వాతి ఏడు పోలీసు చర్య వచ్చింది. అంతకుముందు కొన్ని నెలలు రజాకార్ల భయంతో తలుపులు వేసుకుని బతికాం. వెనక గదిలో అద్దెకుండే బీబమ్మ, అమ్మ, నేను ఒకే పొయ్యి మీద వండుకున్నాం. నాలుగైదు రోజుల్లో అంతా ముగిసి, యూనియన్ సైన్యం లారీలు లష్కరు రోడ్ల మీద తిరిగాయి. అందరూ నిజాం ఏమవుతాడు, రాజ్యం ఏమవుతుంది అని మాట్లాడుకుంటుంటే, నేను బట్లరు ఏమయ్యాడా అని చూశాను. రాజ్యం మారినా వాడు మారలేదు. హైదరాబాదు స్టేట్ అనే కొత్త సర్కారు కుదురుకున్నాక ఒక సేటు బంగ్లాను సామానుతో సహా తీసుకుని, డబ్బు పెట్టగలిగినవాళ్లెవరైనా వచ్చి తినొచ్చని హోటలు తెరిచాడు. బట్లరు అదే తెల్లకోటుతో, అదే మీసంతో గుమ్మంలో నిలబడ్డాడు.

నాకు బడిలో ఉద్యోగం దొరికిన నెలలోనే అమ్మతో అన్నాను, “ఆదివారం మధ్యాన్నం కొమ్ముల బంగ్లల తిందాం.”

“నీకు పిచ్చి లేసిందా బిడ్డా? నేను ఆడికి రాను.”

“వాడు నీకు వడ్డిస్తుంటె నేను చూడాలె.”

ఆదివారం పొద్దున అమ్మ పెట్టెలోంచి తన పెళ్లినాటి పట్టుచీర తీసి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసింది. ఆమెకూ కోరిక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

హాలు గురించి నిజం చెప్పాలి, శత్రువు ఇల్లయినా సరే. నల్లగా మెరిసే టేకు నేల, మనిషి ఎత్తు అద్దాలు, గొలుసులతో వేలాడే గాజు దీపాలు, పైకప్పు నుంచి నెమ్మదిగా ఊగే పంకా. కిటికీ రంగుటద్దాల్లోంచి పడిన ఎండ బల్లల మీద ఎర్రగా, పచ్చగా పాకుతోంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు, వకీళ్లు, వాళ్ల భార్యలు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. గుళ్లో కూడా అంత నెమ్మదిగా మాట్లాడరు. అడవిదున్న తలకాయ ఒకటి సరిగ్గా మా బల్ల మీదికే చూస్తోంది.

బట్లరు వచ్చాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. మీసం నెరిసింది. పట్టుచీర చూసి అమ్మకు వంగి సలాం చేసి, “ఏం దెమ్మంటరమ్మా?” అన్నాడు. ఆరేళ్లు నేను వల్లించుకున్నది ఇదే.

సూపు వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లకు మిరియాలు చూపించి తీసుకెళ్లినట్టుంది. చల్లగా ఉందని వెనక్కి పంపాను. వేడి చేసి తెచ్చాడు. ఉప్పు లేదన్నాను. ఉప్పు తెచ్చాడు. చెంచా మీద మచ్చ ఉందన్నాను, లేదు, అయినా అన్నాను. చెంచా మార్చాడు. మటన్ వచ్చింది, దాన్ని కోయడానికి కత్తి చాలలేదు, మా చెప్పులు కుట్టేవాడు తోలు గుచ్చే ఆరె కావలసి వచ్చేది. చివర్న తెల్లగా వణుకుతూ ఏదో తీపి వచ్చింది. అమ్మ వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది.

“గిది గంజి బిడ్డా,” అంది. “మనం బట్టలకు పెట్టేదే జెర నయం.”

పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో అక్కడ నేర్చుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం దీపాలవైపు చూస్తూ ఆ మటన్ను నమిలి, ఆహా అంటున్నారు. నేల మీద పరిచిన మరకల్లో నేను తిన్న విందు ముందు ఇది ఎందుకూ పనికిరాదు. నాకు కోపం ఇంకా పెరిగింది. ఇంత చప్పటి కూడు పెట్టేవాళ్లా మమ్మల్ని దొంగలన్నది అనిపించింది.

నేను వాణ్ని ఇంకా ఎలా తిప్పించాలా అని చూస్తుంటే, అమ్మ మాత్రం బల్ల మీది గుడ్డను రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతోంది. పళ్లెం జరిపింది. గ్లాసు జరిపింది.

“ఇటు చూడు,” అంది.

గుడ్డ నేతలో గులాబీ తీగ. తీగ బల్ల అంచుదాకా వచ్చి, కుట్టు దగ్గర సగం పువ్వులో తెగిపోయింది. ఏ నేతగాడూ పువ్వును సగంలో వదలడు. అది పెద్ద గుడ్డలోంచి కోసిన ముక్క.

అమ్మ గుడ్డ నాలుగు కొసలూ ఎత్తి చూసింది, ఒక్కటీ అసలు మూల కాదు. గుర్తు లేదు. అమ్మ గుర్తు పెట్టింది పొడుగు గుడ్డ నాలుగు మూలలకే గదా. ఆమె లేచింది. పక్క బల్ల దగ్గరికి వెళ్లి, భోంచేస్తున్న వకీలు దంపతులను, “జెర మాఫ్ చెయ్యండ్రి,” అని గుడ్డ కొస ఎత్తి చూసింది. ఆ తర్వాత ఇంకో బల్ల. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. అందరూ చెంచాలు పట్టుకుని మా అమ్మనే చూస్తున్నారు. కిటికీ పక్కన ఖాళీ బల్ల మీద పువ్వు తెగని అసలు మూల కనిపించగానే ఆమె ఆగి, జడపిన్ను తీసి అంచు కుట్టు నాలుగు పోగులు విప్పింది.

నేను పరుగెత్తాను. ఒక అడ్డగీత, మూడు చుక్కలు.

బట్లరు వచ్చాడు. “ఏందమ్మా గిట్ల తిరుగుతున్నరు? కూసోండ్రి...”

“నన్ను పోల్చినవా బట్లరయ్యా?” అంది అమ్మ.

గొంతు పోల్చాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడే మెల్లగా చెప్పాడు. విందు నాడు ఒక దొర చుట్ట నిప్పు పడి గుడ్డ మధ్యలో చెయ్యి పట్టేంత కాలిందట. నౌకరీ పోతుందని భయపడి, కాలింది తీసేసి, మిగిలింది చిన్న బల్లలకు కోసి కుట్టించాడట.

“మరి నా పేరెందుకు చెప్పినవ్?”

“ఎవలదో ఒకలది చెప్పాలె గదమ్మా,” అన్నాడు.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి కూడా ఎత్తాను. కానీ అమ్మ వాణ్ని చూడటం లేదు. గుర్తునే చూస్తోంది. నేనూ ఒంగి చూశాను. మా గుర్తు పక్కనే, గోరంత దూరంలో, ఇంకో గుర్తు ఉంది. రెండు నిలువు గీతలు, మధ్యన చుక్క. మా పెదనాయన ఇంటి గుర్తు.

మా తర్వాత ఈ గుడ్డలు ఉతికింది వాళ్లే కాబట్టి వాళ్లు తమ గుర్తు పెట్టుకున్నారు, అందులో వింత లేదు. కానీ మడత విప్పి, మా గుర్తును కళ్లారా చూసి, దాని పక్కనే సూదితో తమది పెట్టారు. పోయిందన్న గుడ్డ పోలేదని మొదటి మూటనాడే వాళ్లకు తెలుసు. చెబితే బంగ్లా పని మళ్లీ మా ఇంటికి వస్తుంది. అందుకని ఆరేళ్లు, వారం వారం, ఆ గుర్తు మీదుగానే ఉతికారు.

అమ్మ బట్లరుతో అంది, “రేపు పొద్దుగాల రేవుకు రా. పదిమందిల నాకు చెప్పింది చెప్పు. రాకుంటె సేటును ఇప్పుడే పిలుస్త.”

“వస్తనమ్మా. గుడ్డ తీస్కపోతవా?”

“నువ్వే పట్టుకొని రా. నేను తీస్కపోతె మళ్ల దొంగదంటవ్.”

వచ్చాడు. తెల్లకోటు లేకుండా, గుడ్డ చంకలో పెట్టుకుని, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. రేవులో అందరి ముందూ చెప్పాడు. ఆ పూట నేను కళ్లార్పకుండా చూశాను, ప్రతి మాటా తియ్యగా విన్నాను. వాడు చెప్పడం ముగించగానే పెదనాయన వాడి మీదికి ఉరికాడు.

“అరె, గరీబు ముండమోపి మీద గింత నింద ఏస్తవా? నీకు ఇజ్జత్ ఉందా?” అని చెయ్యెత్తాడు. తర్వాత అమ్మవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. “అయ్యో మరదలా, ఎంత అన్యాయం జరిగె.”

అమ్మ ఆ ఏడుపు అయ్యేదాకా ఆగింది. “బావా, ఆ మూల మడత జెర విప్పి చదువు,” అంది.

“నాకు కండ్లు సక్కగ కనవడయి.”

“సరే. అక్కా, నువ్వు చదువు.”

గుడ్డ మా పెద్దమ్మ చేతికి ఇచ్చింది. పెద్దమ్మ మడత విప్పింది, చూసింది, మొగుడి ముఖం చూసింది. అందరూ దగ్గరికి వచ్చారు. తప్పించుకునే దారి లేదు.

“ఇది మీది,” అంది పెద్దమ్మ. వేలు గోరంత జరిపి, “ఇది మాది,” అంది.

చాకలివాళ్లకు అంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. పెదనాయన నీళ్లవైపు చూస్తూ, “పిల్లలు గలోన్ని... పని పోతదని...” అని గొణిగాడు. బట్లరు చెప్పిన మాటా దాదాపు అదే.

అమ్మ గుడ్డ అందుకుని నీళ్లలోకి దిగింది. మా బండ మీద పెదనాయన కోడలు ఉతుకుతోంది. అమ్మ ఏమీ అనకముందే ఆ పిల్ల తన బట్టలు ఎత్తుకుని పక్కకు తప్పుకుంది. అమ్మ ఆ మేజాగుడ్డను బండ మీద ఉతికి, జాడించి, పిండి, బట్లరు చేతిలో పెట్టింది. మరునాటి నుంచి మళ్లీ అక్కడే ఉతికింది. నేను ఉద్యోగం చేస్తున్నాను, వద్దన్నా వినలేదు. ఎదురు బండ మీద పెదనాయన ఉండేవాడు. రోజూ ఒకరి ముఖం ఒకరు చూడాల్సిందే.

బట్లరు మీద నా కక్ష ఆ ఆదివారం, సోమవారాలతో తీరిపోయింది. వాడు పరాయివాడు, పిరికివాడు. పెదనాయన మీద మాత్రం ఇప్పటికీ తీరలేదు. ఆయన మా నాన్న పాడె మోసినవాడు.

చాలా ఏళ్లకు పెదనాయన మంచం పట్టాడు. ఇక లేవడని తెలిసి అమ్మను పిలిపించాడు. ఎందుకు పిలిచాడో అందరికీ తెలుసు. వెళ్లొద్దని నేను అరిచాను. అమ్మ వెళ్లింది. మంచం పక్కన గంటసేపు కూర్చుంది. పెద్దమ్మ ఇచ్చిన చాయ్ తాగింది, ఈ ఏడు వానలు లేవని, రేవులో నీళ్లు తగ్గాయని మాట్లాడింది, లేచి వచ్చేసింది.

“మాఫీ అడిగిండా?” అన్నాను గుమ్మంలోనే.

“అడిగిండు. రెండుమార్లు అడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

అమ్మ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది.

“ఆరేండ్లు వాడు చూసి చూడనట్టు ఉన్నడు గద. నేనూ ఇని ఇననట్టు ఉన్న,” అంది.